చిలుక రెక్కకు కత్తెర



ఈ నెల ఉత్తరాల కట్ట విప్పగానే అన్నిటికంటె పైన ఒక కవరు కనబడింది. దాని మీద "చాలా అర్జంటు" అని ఎర్రసిరాతో రాసి, కింద మూడు గీతలు గీసి ఉన్నాయి. ముప్ఫై ఏళ్లకు పైగా పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ణి. రెండు గీతలు చూశాను గాని మూడు గీతలు ఎన్నడూ చూడలేదు. అంచేత ముందు దాన్నే విప్పాను.

రాసినది అబిడ్సులో, పెద్ద పోస్టాఫీసుకు దగ్గర్లో, ఒక మేడ మూడో అంతస్తులో ఉండే ఆరో తరగతి అమ్మాయి. పేరు వెయ్యవద్దని కోరింది గనుక వెయ్యటం లేదు. ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇది:

"మాస్టారూ! దసరాకు మా మామయ్య నాకు చిలుకను తెచ్చి ఇచ్చాడు. ఒళ్లంతా ఆకుపచ్చ, ముక్కు ఎరుపు. మెడ చుట్టూ గీత ఇంకా రాలేదు. మిఠ్ఠూ అని పిలుస్తున్నాం. పంజరం తలుపు తీస్తే గదంతా ఎగురుతుంది. మొన్న ఫ్యాను తిరుగుతూంటే జానెడు దూరంలోనుంచి పోయింది. అమ్మ కెవ్వున అరిచింది. వచ్చే ఆదివారం రెక్కలు కత్తిరించేస్తానని మామయ్య అంటున్నాడు. ఎక్కడిదాకా కత్తిరిస్తే నొప్పి పుట్టదో మీకు తెలిసే ఉంటుంది. బొమ్మ వేసి పంపండి."

బొమ్మలు వెయ్యటం నాకు చేతకాదు. పైగా పత్రిక అచ్చయి మీ చేతికి వచ్చేదాకా ఆదివారం ఆగదుగదా! అంచేత ఆ సాయంత్రమే నాలుగు ముక్కలు రాసి మనిషి చేత పంపాను. "ఆదివారం కత్తెర పెట్టనివ్వకు. చిలుక బయట ఉన్నంతసేపూ ఫ్యాను ఆపు. పది రోజులు గడువియ్యమని మామయ్యను నా మాటగా అడుగు" అని. ఆ తరవాత ఏమయిందో చివర చెబుతాను. ముందు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న చూద్దాం. ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఒక్క గీతతో తేలేది కాదు.

మీ కుడిచెయ్యి పక్కకు చాపండి. భుజం నుంచి మోచేతిదాకా ఒక ఎముక, మోచేతి నుంచి మణికట్టుదాకా రెండెముకలు, ఆ తరవాత అరచెయ్యి, వేళ్లు. చిలుక రెక్కలోనూ ఇదే వరస. కాకపోతే దాని వేళ్లు కొన్ని మాయమై, కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోయి, చెయ్యి ఒక మొనలాగా తయారయింది. ఆ చేతి నుంచి బయలుదేరేవి పది పెద్ద ఈకలు. వీటిని మనం చేతి ఈకలు అందాం. మోచేతికీ మణికట్టుకూ మధ్య నుంచి బయలుదేరేవి ముంజేతి ఈకలు. చేతి ఈకలు తెడ్లలాగా పక్షిని ముందుకు తోస్తాయి. ముంజేతి ఈకలు దాన్ని కిందపడకుండా గాలి మీద నిలబెడతాయి. ఈ రెండు వరసల మొదళ్లనూ కప్పుతూ, ఇంటికి పెంకులు పరిచినట్టు, చిన్న ఈకలు సర్ది ఉంటాయి.

నా మాట నమ్మటం కాదు, మీరే చూడండి. కోడి ఈక ఒకటి సంపాదించండి. రెక్కలోది కావాలి, ఒంటి మీది నూగు కాదు. దాని అంచును వేలితో వెనక్కు లాగితే పోగులుగా విడిపోతుంది. ఇప్పుడు అదే అంచును మొదలు నుంచి చివరకు రెండువేళ్ల మధ్య దువ్వండి. విడిపోయిన పోగులు మళ్లీ కలుసుకుని బట్టలాగా ఏకమవుతాయి. ఒక్కొక్క పోగుకూ కంటికి కనపడని కొక్కేలు వందలకొద్దీ ఉన్నాయి. మీ పుస్తకాల సంచికున్న జిప్పు ఈ మధ్య వచ్చింది, కోడికి ఎప్పటినుంచో ఉంది. ప్రయోగం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. అది మాత్రం మరిచిపోవద్దు.

ఈక కెరటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మీ గోరూ, మీ జుట్టూ, ఆవు కొమ్ము మీది తొడుగూ కూడా దానితో తయారయినవే. పూర్తిగా ఎదిగిన ఈకలో ప్రాణం లేదు. దాన్ని కోస్తే గోరు తీసినట్టే, నొప్పి పుట్టదు. ఇంతవరకూ మామయ్య చెప్పింది తప్పు కాదు.

ఎదుగుతున్న ఈక సంగతి వేరు. పక్షికి పాత ఈకలు రాలి కొత్తవి వస్తూంటాయి. చిలుకకు ఇంచుమించు ఏడాదికోసారి ఈ మార్పు జరుగుతుంది. అన్నీ ఒకేసారి రాలవు. అలా రాలితే ఎగరలేక పిల్లికి చిక్కుతుంది. అంచేత ఒకటీ రెండూ చొప్పున, కుడి రెక్కలో రాలితే ఎడమ రెక్కలోనూ దాని జత రాలుతుంది. కొత్త ఈక చర్మంలోనుంచి సన్నని గొట్టంలాగా బయటికి వస్తుంది. పూర్తిగా విచ్చుకునేదాకా ఆ గొట్టంలో రక్తం పారుతూంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే కాడ మొదలు ముదురుగా, ఊదారంగుగా కనబడుతుంది. దీన్ని రక్తపు ఈక అంటారు. పొరపాటున దీన్ని కోశారా, నెత్తురు కారుతూనే ఉంటుంది.

రామచిలుక బరువెంతో తెలుసా? 120 గ్రాములకు కాస్త అటూఇటూ. ఒక జామకాయ ఎత్తు. దాని ఒంట్లో ఉండే రక్తం మొత్తం పోగుచేస్తే రెండు మూడు టీచెంచాలు. ఇక మీరే లెక్క కట్టుకోండి, అందులో ఎంత కారిపోతే దాని ప్రాణానికి ముప్పో.

ఇది నేను పుస్తకంలో మాత్రమే చదివిన సంగతి కాదు. చెప్పటానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది గాని, చెబుతాను.

1972లో నాకు పన్నెండేళ్లు. నాంపల్లి స్టేషనుకు వెనకవైపు ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. ఇంటి ముందు షాబాదు బండలు పరిచిన వాకిలి, మూల ఒక బావి. ఆ రోజుల్లో స్టేషను బయట చిలుకజోస్యం వాళ్లు వరసగా కూర్చునేవారు. వాళ్ల చిలుకలు పంజరంలోనుంచి బయటికి నడిచివచ్చి, ముక్కుతో చీటీ లాగి, మళ్లీ లోపలికి నడిచిపోయేవి. ఎందుకు ఎగిరిపోవో నాకు అర్థమయ్యేది కాదు. అవి మంచి చిలుకలు, చెప్పిన మాట వింటాయి అనుకునేవాణ్ణి. వాటి రెక్కలు కత్తిరించి ఉన్నాయని తరవాత తెలిసింది.

నాకూ ఒక చిలుక ఉండేది. దానికీ ఆ బుద్ధి నేర్పాలనుకున్నాను. మా సందులో ఒక పెద్దకుర్రాడు నాకు సలహా ఇచ్చాడు. రెండు రెక్కలూ కోయనక్కరలేదనీ, ఒక్క రెక్క కోస్తే చాలుననీ, అప్పుడు సమతూకం తప్పి ఎగరలేదనీ చెప్పాడు. వినటానికి ఎంత తెలివైన మాటలాగా ఉందో చూశారా? అమ్మ కుట్టుపెట్టెలోనుంచి కత్తెర తీశాను. కొరకకుండా చిలుకను గుప్పిట్లో గట్టిగా బిగించాను. కుడి రెక్క విప్పి వరసగా కోసుకుంటూ పోయాను. ఏడో ఈక దగ్గర నా వేళ్లు ఎర్రబడ్డాయి. నాయనమ్మ పరుగున వచ్చి పసుపు అద్ది, ఈక కాడను గుడ్డతో చాలాసేపు నొక్కి పట్టుకుంది. ఎలాగో నెత్తురు ఆగింది.

మర్నాడు దాన్ని పిట్టగోడ మీద కూర్చోబెట్టాను. కాకి అరిచింది కాబోలు, బెదిరి ఎగిరింది. ఎడమ రెక్క గాలిని పట్టింది. కుడి రెక్కకు పట్టటానికి ఏమీ లేదు. బొంగరం తిరిగినట్టు గిర్రున తిరుగుతూ పోయి షాబాదు బండ మీద రొమ్ము కొట్టుకుని పడింది. మూడోనాటి పొద్దున లేచి చూస్తే పంజరం అడుగున ఉంది.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. తిట్టనూ లేదు. ఆ రాత్రి రామదాసు కథ చెప్పింది. కంచెర్ల గోపన్న భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, ప్రభుత్వానికి చెల్లించవలసిన పైకం అందుకు ఖర్చు పెట్టాడని తానీషా ఆయన్ను గోల్కొండలో చెరపట్టాడు గదా! అంత భక్తుడికి పన్నెండేళ్ల చెర ఎందుకు వచ్చిందని జనం అడుగుకున్నారు. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో పెట్టాడనీ, ఆ లెక్క ఈ జన్మలో తీరిందనీ కథ కట్టుకున్నారు. ఇది చరిత్ర కాదు, జనం చెప్పుకునే మాట. అయితే నాకూ అప్పుడు సరిగ్గా పన్నెండేళ్లే గనుక ఆ అంకె విని చాలా రోజులు నిద్రపట్టలేదు. తరవాత బళ్లో గోల్కొండకు విహారయాత్ర తీసుకువెళ్లి రామదాసు చెర చూపించినప్పుడు, మిగతా పిల్లలందరూ గోడమీది బొమ్మలు చూస్తూంటే నేను మాత్రం చిలుక సంగతి ఎవరికైనా తెలిసిపోయిందేమోనని దిక్కులు చూశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆనాడు నేను చేసిన తప్పు ఒకటి కాదు. ఒక్క రెక్కే కోశాను. ఈకలను వెలుతురులో చూడకుండా కోశాను. మరీ లోపలికంటా కోశాను. ఇంకో తప్పు ఉంది, అది నాకు పెద్దయ్యేదాకా తెలియనే లేదు. చిలుకను గుప్పిట్లో బిగించానని చెప్పానుగదా! మన రొమ్ముకూ కడుపుకూ మధ్య ఒక పొర ఉంది. అది కిందికీ పైకీ కదిలి మనకు ఊపిరి ఆడిస్తుంది. పక్షికి ఆ పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి లోపలికి పోయి, ఒంట్లో ఉన్న గాలితిత్తుల గుండా తిరిగి బయటికి వస్తుంది. రొమ్మును బిగించి పట్టుకుంటే ముక్కు తెరిచే ఉన్నా ఊపిరాడక చస్తుంది. కొరికే చిలుకను చూసి భయపడి బిగించేవారి చేతుల్లో ఎన్ని పక్షులు ఇలా పోయాయో!

సరే. రెక్కలు కత్తిరించటం తెలిసినవారు ఎలా చేస్తారో చెబుతాను. ఇది మీరు చెయ్యటానికి చెప్పటం లేదు. మీ ఎదుట ఎవరైనా చెయ్యబోతే ఆపటానికి చెబుతున్నాను. పక్షుల సంగతి తెలిసిన పశువైద్యుడు చెయ్యవలసిన పని ఇది. ఒకరు పక్షిని తువ్వాలులో వదులుగా చుట్టి, రొమ్ము మీద ఒత్తిడి లేకుండా పట్టుకుంటారు. రెండోవారు రెక్క విప్పి, ఒక్కొక్క ఈకనూ వెలుతురుకు పెట్టి రక్తపు ఈక కాదని తేల్చుకుంటారు. చేతి ఈకల్లో కొన్నిటిని మాత్రమే, పైని కప్పుడు ఈకల అంచుకు దిగువనే, కోస్తారు. ముంజేతి ఈకల జోలికి పోరు. కుడివైపు ఎన్ని కోస్తే ఎడమవైపు అన్నే. అన్నీ ఒకేసారి కోసెయ్యరు. రెండు మూడు కోసి, గదిలో మెత్తని పరుపు మీదుగా వదిలి చూసి, అవసరమైతే మరొకటి కోస్తారు. పక్షి రాయిలాగా పడరాదు. ఎత్తుకు లేవలేకపోయినా, కాగితం గాలిపడగలాగా మెల్లగా జారి నేలకు దిగగలగాలి. ఇంకా సరిగ్గా ఎగరటమే నేర్చుకోని పిల్లపక్షికి అసలు కత్తెర తాకించరు. ఎగరటం నేర్చుకునే వయసులో రొమ్ము కండరాలూ, ధైర్యమూ కలిసి పెరుగుతాయి. ఆ వయసు దాటిపోతే మళ్లీ రాదు.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒక చిక్కు మిగిలే ఉంది. కోసిన ఈక మొండెం రాలి, దాని చోట కొత్త ఈక వస్తుందని చెప్పానుగదా. అది ఎప్పుడొస్తుందో పక్షి మనకు చెప్పదు. "రెక్కలు కత్తిరించాం, ఎక్కడికి పోతుందిలే" అని బాల్కనీలో వదిలేవారి పక్షే ఒకనాడు ఈదరగాలికి లేచి కరెంటు తీగల మధ్యకు పోతుంది. కత్తిరించనివారు కిటికీలు మూసుకుంటారు. కత్తిరించినవారు మూసుకోరు. ఆపద ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి. వైద్యుల్లో కొందరు అవసరాన్నిబట్టి కత్తిరించవచ్చునంటారు, కొందరు కూడదంటారు. నా మటుకు నేను రెండోవారి పక్షం. ఎందుకో పైన చదివారుగదా!

మరి ఫ్యాను సంగతేమిటి? ఫ్యాను తిరక్కుండా చెయ్యాలిగాని పక్షి ఎగరకుండా చెయ్యటమేమిటి? పక్షిని వదిలే గంటసేపు స్విచ్చి మీద కాగితం అంటించండి. కిటికీ అద్దాలకు తెర వెయ్యండి. అద్దాన్ని పక్షి ఖాళీ అనుకుని గుద్దుకుంటుంది. వంటింటి తలుపు మూయండి. మూకుడులో కాగే నూనె ఒకటే కాదు, అంటుకోని పూత పూసిన పెనం మాడిపోయేటంత వేడెక్కితే అందులోనుంచి వచ్చే పొగ మన ముక్కుకు తెలియకముందే చిన్న పక్షుల్ని చంపగలదు. బాల్చీలో నీళ్లుంటే మూత పెట్టండి. ఇక పిలిస్తే వచ్చి చేతిమీద వాలటం నేర్పటానికి కొర్రకంకి ఒకటి చాలు. మనం మరిచిపోయిన కొర్రలను ఆస్ట్రేలియా పక్షులు ఎంత ఇష్టంగా తింటాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఆస్ట్రేలియా పక్షులన్నానుగదా, అసలు విషయానికి వద్దాం. ఇంతసేపూ నేను చెప్పిన కత్తెర సంగతి పరదేశపు పెంపుడు పక్షులకు చెందినది. మనవాళ్లు లవ్‌బర్డ్స్ అని పిలిచే ఆ చిన్నవి చాలామటుకు బడ్జరిగార్లు. వాటి సొంతూరు ఆస్ట్రేలియా. అసలు లవ్‌బర్డ్స్ వేరే ఉన్నాయి, అవి ఆఫ్రికావి. కాకటీలు కూడా ఆస్ట్రేలియాదే. ఇవి మనుషుల దగ్గర పంజరాల్లోనే గుడ్లు పెట్టి పెరుగుతున్న పక్షులు. ఆఫ్రికా బూడిదచిలుక, మకా వంటి పెద్దవి ఎవరింట్లోనైనా ఉంటే వాటిని ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి.

మన అమ్మాయి చిలుక ఏది? ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రముక్కు, మెడకు గీత ఇంకా రాలేదు అని రాసింది. అది మన రామచిలుకే. మగచిలుకకు మెడ చుట్టూ నలుపూ గులాబీ కలిసిన కంటె మూడో ఏటికి గాని పూర్తిగా రాదు. ఆడదానికి ఆ కంటె ఉండదు. అంచేత మిఠ్ఠూ మగపిల్లయినా కావచ్చు, ఆడదైనా కావచ్చు. పిల్లల్లారా, రామచిలుకను ఇంట్లో పెంచటం మన దేశంలో చట్టానికి విరుద్ధం. చాలామంది పెద్దలకే ఈ సంగతి తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 సెప్టెంబరు 9న వచ్చింది. నేను కత్తెర పట్టిన సంవత్సరమే! 2022లో ఆ చట్టాన్ని సవరించి రామచిలుకను రెండో షెడ్యూలులో చేర్చారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. రామచిలుకే కాదు, భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద రకం చిలుక కూడా అందులో ఉంది. వాటిని పట్టటం, అమ్మటం, కొనటం, దగ్గర ఉంచుకోవటం అన్నీ నేరాలే. జైలూ ఉంది, జరిమానా కూడా ఉంది.

అంత కఠినంగా ఎందుకు పెట్టారంటారా? రామచిలుక మన పక్క దక్షిణాదిలో సంవత్సరం మొదటి నెలల్లో చెట్టు తొర్రలోనో పాత గోడ కంతలోనో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఈకలు వచ్చి గూడు వదలటానికి ఇంచుమించు ఏడు వారాలు పడుతుంది. పట్టేవాళ్లు అంతవరకూ ఆగరు. కళ్లు తెరిచీ తెరవని పిల్లల్ని తొర్రలోనుంచి లాగి, గంపల్లో కుక్కి, రాత్రి బస్సుల్లో పట్నాలకు తెస్తారు. దారిలో చచ్చినవాటిని పారేస్తారు. బతికినవి దుకాణానికి వస్తాయి. మనం చూసేది వాటినే. తొర్ర దొరకటమే కష్టమైన రోజుల్లో, చెయ్యి పట్టేందుకు ఆ తొర్రను పగలగొట్టి పోతే మరుసటేడు అక్కడ ఏ చిలుకా గూడు పెట్టుకోలేదు.

కాబట్టి రామచిలుక రెక్క ఎక్కడిదాకా కోయాలి అన్న ప్రశ్నకు జవాబు, అసలు కోయకూడదు. కోస్తే అది తిరిగి ఆకాశానికి పోయే దారి మూసుకుపోతుంది. రెక్క పూర్తిగా ఉన్న పక్షిని కొన్నాళ్లు పెద్ద దొడ్డి పంజరంలో తోటి చిలుకల మధ్య ఎగరనిచ్చి, గద్దను చూసి భయపడటం, తిండి వెతుక్కోవటం అలవాటు చేసి వదలవచ్చు. రెక్క కోసిన పక్షి అయితే కొత్త ఈకలు వచ్చేదాకా నెలల తరబడి ఆగాలి. ఆ మొండేలను పీకితే త్వరగా వస్తాయని ఎవరైనా అంటే వినకండి. వాటి మొదళ్లలో నరాలున్నాయి, ఎముక దాకా నొప్పి.

ఇక్కడ ఒక వింత చెప్పకుండా ఉండలేను. విరిగిన ఈకకు అతుకు వెయ్యవచ్చు! డేగలను పెంచి వేటాడేవారు శతాబ్దాల కిందటే ఈ విద్య కనిపెట్టారు. ఇంగ్లీషులో ఇంపింగ్ అంటారు. మునుపు రాలిన మంచి ఈకను, అదే రకం పక్షిది, అదే రెక్కది, అదే వరస సంఖ్యది వెతికి తీస్తారు. సన్నని వెదురుపుల్ల చెక్కి, సగం పాత మొండెం బోలులోకీ సగం కొత్త ఈక కాడలోకీ దూర్చి, జిగురు పెట్టి బిగిస్తారు. జిగురు ఆరాక పక్షి ఎగురుతుంది. మళ్లీ ఈకలు రాలే కాలం వచ్చినప్పుడు మొండెంతో సహా అతుకు కూడా రాలిపోతుంది. పక్షుల వైద్యశాలల్లో ఇప్పటికీ ఇది చేస్తున్నారు. 1972లో నాకు ఇది తెలిసి ఉంటే ఎంత బాగుండేదని అనుకుంటూంటాను. తెలిసినా ఆ బండమీద పడిన రొమ్ముకు అతుకు లేదుగదా.

ఇక మన అమ్మాయి సంగతి. నా ఉత్తరం అందిన వారానికి రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి నీలిసిరా, గీతలు లేవు. చట్టం సంగతి విని మామయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడోనాడు తనే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్లాడట. రెక్కలూ, కాళ్లూ, ముక్కూ చూసి బాగానే ఉన్నాయని డాక్టరుగారు అన్నారు. అక్కడినుంచి నాన్నా, మామయ్యా, అమ్మాయీ సైఫాబాదులో అరణ్య భవన్‌కు వెళ్లి అటవీశాఖవారికి అప్పగించి వచ్చారు.

"ఆటోలో వస్తూ ఏడ్చాను మాస్టారూ. మీ మీద కూడా కోపం వచ్చింది. అప్పగించేటప్పుడు చివరిసారి వేలు పెడితే మిఠ్ఠూ గట్టిగా కొరికింది. ఇంకా మచ్చ ఉంది. పంజరం బాల్కనీలో ఖాళీగా ఉంది, దాన్ని చూడటం కష్టంగా ఉంది" అని రాసింది.

కోపం రావటం న్యాయమే. మూడు గీతల ఉత్తరం రాసి నాలుగు ఈకల సలహా అడిగితే చిలుకనే తీసుకుపొమ్మన్నాను. అందుకని గత ఆదివారం సాయంత్రం వాళ్లింటిల్లిపాదినీ నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌కు రమ్మన్నాను. ఐదు గంటలకు అసెంబ్లీ వైపు పెద్ద చెట్ల కింద కూర్చున్నాం. ఒకప్పుడు ఈ తోటలోనే జంతుప్రదర్శనశాల ఉండేది. 1963 అక్టోబరు 6న నెహ్రూ జూ పార్కు తెరిచాక జంతువులన్నిటినీ అక్కడికి తరలించారు. పంజరాలు పోయాయి, చెట్లు మిగిలాయి.

ఐదున్నరకు మొదటి కేక వినబడింది. కీ, కీ, కీ అంటూ ఆరు చిలుకలు బాణాల్లాగా వచ్చి చెట్టుమీద పడ్డాయి. పొడుగుతోక, కొనదేరిన రెక్కలు. ఆ వెనక పన్నెండు. ఆ వెనక లెక్కపెట్టటం కుదరలేదు. ఒకటి కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ కాయను కాలితో పట్టుకుని తింటోంది. దాని కాలికి ముందు రెండు వేళ్లు, వెనక రెండు వేళ్లు, అందుకే అంత పట్టు. అమ్మాయి దుర్భిణి అడిగి తీసుకుని, మెడకు కంటె ఉన్నవి ఎన్నో, లేనివి ఎన్నో నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంది. చీకటి పడేసరికి కంటె ఉన్నవి పద్ధెనిమిది, లేనివి ముప్ఫై ఒకటి తేలాయి. మామయ్య మాత్రం తనకు కనబడ్డ కాయలు మేసే చిలుకకు మిఠ్ఠూ అని పేరు పెట్టి, అదే మిఠ్ఠూ అని వాదించాడు. ఎవరం కాదనలేదు.

ఖాళీ పంజరం ఏం చెయ్యాలని అడిగితే, తలుపు ఊడదీసి అందులో మట్టికుండీ పెట్టి మనీప్లాంటు పాకించమన్నాను. మీ ఇళ్లలోనూ అలాంటి పంజరాలుంటే అదే చెయ్యండి. చిలుక ఉన్న పంజరమైతే పెద్దలకు ఈ పేజీ చదివి వినిపించి, అటవీశాఖవారికి అప్పగించేదాకా దానికి జామముక్క, పచ్చిమిరపకాయ, మంచినీళ్లు ఇవ్వండి. కత్తెర మాత్రం దాచెయ్యండి.

తోటనుంచి తిరిగివస్తూ ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. చిలుకకు మనలాగా పెదవులు లేవుగదా, మరి "రామ రామ" అని ఎలా అంటుంది అని. మంచి ప్రశ్న. జవాబు వచ్చే నెల.